ఒక ఫ్యామిలీ పెన్షన్ కేసు, దాని వెనకున్న మా మాజీ సైనికుల సంఘం చరిత్ర

నేను ఆర్మీలో క్లర్క్ ట్రేడ్‌లో చేసి రిటైరయ్యి ఊరొచ్చేశాక మా సంఘంలో పెన్షన్ కాగితాల పని నాకప్పజెప్పారు, ఇప్పటికీ అదే చూస్తున్నాను. మాది కోనసీమ, ఏటిగట్టు పక్క ఊళ్లన్నీ కలిపి ఒకటే సంఘం. వేరే చోట ఇదే పని చేసేవాళ్లకి పనికొస్తుందని ఈ ఫ్యామిలీ పెన్షన్ (పెన్షనరు పోయాక కుటుంబానికొచ్చే పెన్షన్) కేసు మొత్తం రాస్తున్నాను, కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేర్లు, ఊరు మాత్రం ఎక్కడా పెట్టట్లేదు.

సైనికుల సంఘం అంటే జెండా పండగ, శాలువాలు, క్యాంటీన్ అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో మాత్రం సంఘం అసలు పని ఒకటే, మనిషి బతికుండగానే ఆయన కాగితాల్లో భార్య పేరు సరిగ్గా ఉందా లేదా చూడడం. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే సంఘం ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి.

గోదావరి జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్లడం కొత్తేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఆ ఊళ్లో ఇంటికొకరు చొప్పున వెళ్లారని చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ సుమారు 25 లక్షలకి చేరింది, అందరూ ఇష్టపడి చేరినవాళ్లే. యుద్ధం అయిపోయాక 1945, 46ల్లో వాళ్లలో ఎక్కువమందిని ఇంటికి పంపేశారు. పెన్షన్‌కి సరిపడా సర్వీసు లేదు కాబట్టి పెన్షన్ లేదు, ఒక డిశ్చార్జి సర్టిఫికెట్టూ రెండు మూడు మెడల్సూ అంతే. వాళ్లు ఇళ్లకొచ్చి మళ్లీ పొలాల్లో పడ్డారు.

సైనికుల మంచిచెడ్డలు చూడ్డానికి ఢిల్లీలో ఇండియన్ సోల్జర్స్ బోర్డ్ 1919 లోనే పెట్టారు, 1975 నుంచి దాన్నే కేంద్రీయ సైనిక్ బోర్డ్ అంటున్నారు, దాని విధానాల ప్రకారమే రాష్ట్రంలో రాజ్య సైనిక్ బోర్డు, జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం నడుస్తాయి. 1949 నుంచి డిసెంబర్ 7న పతాక దినం చేసి చందాలు పోగేస్తున్నారు. ఏర్పాట్లన్నీ ఉన్నాయి, కానీ లంకలో ఉన్న మనిషి పడవెక్కి రేవు దాటి బస్సెక్కి కాకినాడ వెళ్లి ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవాలంటే ఎవరివల్లవుద్ది చెప్పండి. మధ్యలో ఒక మనిషి కావాలి. మా దగ్గర ఆ పని మొదలెట్టింది ఒక రిటైర్డ్ సుబేదారు గారు. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని రికార్డాఫీసు (రెజిమెంటు సైనికుల సర్వీసు వివరాలు దాచే ఆఫీసు) నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి చెప్పేవారంట, జవాబులు రాసి పెట్టేవారంట. పోస్ట్‌మ్యాన్ కూడా ఆర్మీ ముద్ర ఉన్న కవరొస్తే ఇచ్చేసి "సుబేదారు గారికి చూపించుకోండి" అనేవాడంట. ఇదంతా నేను పుట్టకముందు సంగతి, పెద్దవాళ్లు చెప్తే విన్నది.

అసలు సంఘంగా కూడింది మాత్రం 1970ల చివర్లో. కారణం సింపుల్. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని బాగా పెంచారు, 63, 64ల్లో మా ఊళ్ల కుర్రాళ్లు కూడా బోలెడుమంది చేరారు. జవానుకి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసుండాలి, కాబట్టి వీళ్లంతా 78, 79 అయ్యేసరికి ఒక గుంపులా తిరిగొచ్చారు. అప్పటికి ముప్పై అయిదు కూడా దాటని మనుషులు, పిల్లలు స్కూళ్లలో ఉన్నారు, పెన్షన్ చూస్తే కొంచెమే. దాంతో బ్యాంకు గార్డులుగా, ఆర్టీసీలో, ఇరిగేషన్‌లో కాలవ లాకుల దగ్గర పనిచేసే లస్కర్లుగా మళ్లీ ఉద్యోగాల్లో చేరారు. ఈ రెండో ఉద్యోగం విషయం గుర్తుపెట్టుకోండి, మన కేసు మొత్తం దానిమీదే ఉంది. ఆ ఉద్యోగాలకి సర్టిఫికెట్లు కావాలి, సంతకాలు కావాలి, అందరూ సుబేదారు గారి అరుగు మీదకే వచ్చేవారు. అలా అలా నెలకోసారి మీటింగు, తర్వాత చందా, తర్వాత సొసైటీగా రిజిస్ట్రేషన్.

మొదటి కొన్నేళ్లు సంఘం బాగానే నడిచింది గానీ రాసిపెట్టుకోవడం ఏమీ లేదు, అంతా ఆయన బుర్రలోనే ఉండేది. 1986 ఆగస్టు వరదతో ఆ పద్ధతి మారిపోయింది. గోదావరికి అంత వరద మా తరం మళ్లీ చూడలేదు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది, గట్లు తెగి లంకలు మునిగిపోయాయి. జనం ప్రాణాలతో గట్టెక్కారు గానీ ఇనప ట్రంకు పెట్టెలు నీళ్లల్లో ఉండిపోయాయి. మిలటరీ వాడింట్లో ట్రంకు పెట్టె అంటే మొత్తం సర్వీసు అందులోనే ఉన్నట్టు, డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఉత్తర్వు), ఫోటోలు అన్నీ దాంట్లోనే. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఎవరి కాగితాలు పోయాయో రాసుకుందామని సుబేదారు గారు ఒక లాంగ్ నోట్‌బుక్ మొదలెట్టారు, నంబరు, ర్యాంకు, రెజిమెంటు, రిటైరైన సంవత్సరం. మా రిజిస్టరుకి అదే మొదలు. పదేళ్లకి 1996 నవంబర్ 6 తుఫాను వచ్చి కోనసీమలో కొబ్బరి తోటలు పడుకున్నాయి, ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి, మళ్లీ ఇంకొన్ని పెట్టెలు తడిశాయి, నోట్‌బుక్‌లో ఇంకొన్ని పేజీలు నిండాయి. ఆ నోట్‌బుక్‌లో భార్య పేరుకి కాలమ్ లేదు. అప్పట్లో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, అందరూ బతికున్నవాళ్లే కదా.

ఇక కేసు.

2016లో ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని సంఘం గదికొచ్చారు. వచ్చింది పెన్షన్ కోసం కాదు, కళ్లల్లో శుక్లాలు, ఆపరేషన్ చెయ్యాలన్నారు, పక్కింటి మిలటరీ ఆయనకి ఈసీహెచ్ఎస్ కార్డు మీద ఫ్రీగా చేశారంట నాకూ ఆ కార్డొస్తుందా బాబూ అని. ఈసీహెచ్ఎస్ అనేది 2003 ఏప్రిల్ 1 నుంచి మాజీ సైనికులకి పెట్టిన వైద్య స్కీము, డిఫెన్స్ పెన్షనో ఫ్యామిలీ పెన్షనో తీసుకుంటూ ఉంటేనే కార్డొస్తుంది. "మీకు ఆర్మీ పెన్షన్ వస్తోందా పిన్నిగారూ" అనడిగాను. "ఆయన ఉన్నప్పుడు రెండూ వచ్చేయి బాబూ, ఆయన పోయాక ఆర్మీది ఆగిపోయింది, ట్రెజరీది వస్తోంది, రెండివ్వరంట కదా" అన్నారు.

అక్కడే ఆగాను. ఆవిడ భర్త 1963లో చేరి 78లో నాయక్‌గా పెన్షన్‌తో వచ్చారు, తర్వాత ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు, 2007లో పోయారు. అప్పుడు రూల్ ఆవిడ చెప్పినట్టే ఉంది, మళ్లీ ఉద్యోగం చేసిన మాజీ సైనికుడు పోతే కుటుంబానికి రెండిట్లో ఒక ఫ్యామిలీ పెన్షనే. ఎక్కువ వచ్చేది ట్రెజరీదని, అంటే ఇరిగేషన్ ఉద్యోగానిదని, అది తీసుకున్నారు. కానీ రక్షణ శాఖ 2013 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది, ఇలాంటి కేసుల్లో రెండు ఫ్యామిలీ పెన్షన్లూ తీసుకోవచ్చు, 2012 సెప్టెంబర్ 24 నుంచి లెక్క అని. అంతకుముందే భర్త చనిపోయినవాళ్లకి కూడా ఆ తేదీ నుంచి వస్తుంది. ఆ ఉత్తర్వు ఎవరి ఇంటికీ నడిచి రాదు, అడిగినవాళ్లకే వస్తుంది. మూడేళ్లకి పైగా ఆవిడకి రావాల్సిన డబ్బు రాకుండా ఉండిపోయింది, ఆవిడకి ఆ సంగతే తెలీదు.

మొదటి అడ్డం నంబరు. ట్రంకు పెట్టె 86 వరదలోనే పోయింది, పీపీఓ లేదు, డిశ్చార్జి బుక్కు లేదు, ఆర్మీ నంబరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వీళ్లది వేరే రేవు పక్క ఊరు, అప్పట్లో సంఘంలో చేరలేదు, కాబట్టి పాత నోట్‌బుక్‌లో కూడా లేదు. మెడల్స్ ఏమన్నా ఉన్నాయా అనడిగితే పూజ గూట్లో ఆయన ఫోటో దగ్గర పెట్టిన ఒకటి తెచ్చారు, 1971 యుద్ధం టైం సంగ్రామ్ మెడల్. చాలామందికి తెలియని విషయం ఏంటంటే మన సర్వీస్ మెడల్స్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. దయచేసి ఆ మెడల్స్‌ని చింతపండు పెట్టి తోమొద్దు, ఏటా పండక్కి తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి. దీన్ని కూడా తోమారు. ఎండలో పక్కకి తిప్పి ఫోన్‌తో దగ్గరగా ఫోటోలు తీసి పెద్దవి చేసి చూస్తే ఒక్క అంకె తప్ప అన్నీ తెలిశాయి, ఆ ఒక్కటి 3 అయినా అవ్వాలి 8 అయినా అవ్వాలి. రెండు నంబర్లూ రాసి, పేరూ యూనిట్టూ ఊరూ రాసి, వితంతువు సంతకంతో ఆ రెజిమెంటు రికార్డాఫీసుకి రిజిస్టర్డ్ పోస్టు పంపాం. కొంచెం ఆలస్యంగానే గానీ జవాబొచ్చింది, నంబరు ఖాయమైంది, పీపీఓ వివరాలు కూడా పంపారు.

ఆ జవాబుతోనే రెండో అడ్డం బయటపడింది, అసలు కష్టం ఇదే. రికార్డులో భార్య పేరు వేరే ఉంది.

ఇది మోసమేం కాదు. మా వైపు అప్పట్లో పెళ్లయ్యాక అత్తారింట్లో కోడలికి కొత్త పేరు పెట్టడం ఉండేది, ఇంట్లో అప్పటికే అదే పేరు గలవాళ్లుంటే తప్పకుండా మార్చేవారు. పెళ్లయిన కొత్తలో భర్త సెలవు నుంచి వెనక్కెళ్లి యూనిట్‌లో చెప్తే పార్ట్ టూ ఆర్డర్ (పెళ్లి లాంటి ఇంటి వివరాలు రికార్డుకెక్కించే ఆర్డర్) పడింది, అందులో పుట్టింటి పేరు రాయించారు, ఆయన సర్వీసు రికార్డు అయిన షీట్ రోల్‌లో అదే ఎక్కింది. తర్వాత రేషన్ కార్డు, ఓటర్ కార్డు, ఆధార్, ట్రెజరీ పెన్షన్ అన్నీ అత్తారింటి పేరు మీద. ఆర్మీ లెక్కలో ఈవిడ ఆ నాయక్ భార్య కాదు. పుట్టిన సంవత్సరం కూడా తేడాగానే ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది ఒక నోటరీ అఫిడవిట్ పడేసి పంపేస్తారు, ఇద్దరూ ఒకరే అని. అది తిరిగొస్తుంది, తిరిగొచ్చాక ఫైలు చెడిపోతుంది, ఎందుకంటే అవతల టేబుల్ మీద కూర్చున్నాయన ఇంక ప్రతిదీ అనుమానంగానే చూస్తాడు. నేను ఆ టేబుల్ దగ్గర పనిచేసినవాణ్ణి, ఆయన తప్పు కూడా కాదు, రెండు పేర్లున్న చోట రెండో భార్య ఉందేమో అని చూడడం ఆయన డ్యూటీ. కాబట్టి అఫిడవిట్ ఒక్కటీ చాలదు, పెళ్లి నాటి కాగితం ఏదన్నా కావాలి. 1968 పెళ్లికి మ్యారేజ్ సర్టిఫికెట్ ఎక్కడ్నుంచి వస్తుంది? పిన్నిగారి అన్నగారు ఇంకా ఉన్నారు, రామచంద్రపురం వైపు. ఆయనకి కబురు పెడితే పాత దస్తావేజుల కట్టలో చూశారు, శుభలేఖ దొరికింది! పసుపు రాసిన మూలలతో సహా ఉంది. తిథీ ఉంది, ఇంగ్లీషు తేదీ ఉంది, వరుడి పేరు పక్కన మిలటరీ అని కూడా వేశారు, వధువు పుట్టింటి పేరు ఉంది. రికార్డాఫీసు పంపిన కాగితంలో పెళ్లి తేదీ చూస్తే ఒక్క రోజు కూడా తేడా లేదు.

ఆ తేదీ కలవడంతో కేసు సగం గెలిచినట్టే. దానికి అన్నగారి అఫిడవిట్, ఆవిడ అఫిడవిట్, తహసీల్దార్ దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, రెండు పేర్లూ ఒకరివే అని పేపర్లో ప్రకటన, భర్త డెత్ సర్టిఫికెట్, ఫోటోలు, బ్యాంక్ బుక్కు అన్నీ జత చేసి జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారా పంపాం. అక్కడివాళ్లు శుభలేఖ ఒరిజినల్ చేత్తో పట్టుకుని చూసి నకలు మీద సంతకం పెట్టారు, ఆ సంతకం చాలా పనిచేసింది.

అయినా ఒకసారి వెనక్కొచ్చింది. ఈసారి అడిగింది సరైన ప్రశ్నే. ఆయన ఆర్మీ సర్వీసుని ఇరిగేషన్ సర్వీసులో కలిపి పెన్షన్ లెక్కగట్టారా అని. అలా కలిపేసుకుని ఉంటే ఒకే సర్వీసుకి రెండు పెన్షన్లు అవుతాయి, అప్పుడు ఇది రాదు. కలపలేదు అని సర్టిఫికెట్ కావాలి. ఆయన పనిచేసిన సెక్షన్ ఎప్పుడో వేరే సబ్ డివిజన్లో కలిసిపోయింది, పాత సర్వీస్ రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో అక్కడ ఉన్న కుర్రాళ్లకి తెలీదు. రిటైరైన ఒక సీనియర్ అసిస్టెంట్ గారు, మిలటరీ మనిషి కూడా కాదు ఆయన, మాకోసం వచ్చి బీరువాలు తీయించి ఎస్ఆర్ వెతికి పెట్టారు. అందులో మొదటి పేజీల్లోనే ఉంది, మాజీ సైనికుడు, ఆర్మీ పెన్షన్ విడిగా పొందుతున్నాడు అని. ఆ ఎంట్రీ ఆధారంగా సర్టిఫికెట్ ఇచ్చారు. ఆయన లేకపోతే ఈ కేసు అక్కడే ఆగిపోయేది, ఇలాంటివాళ్ల ఋణం సంఘాలు గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత రికార్డాఫీసు పేరు సవరణకి పార్ట్ టూ ఆర్డర్ వేసింది, క్లెయిము సైన్యం పెన్షన్లు మంజూరు చేసే అలహాబాద్ పీసీడీఏ పెన్షన్స్‌కి వెళ్లింది, 2018లో ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ వచ్చింది. 2012 సెప్టెంబర్ 24 నుంచి ఎరియర్స్, 2016 నుంచి కనీసం నెలకి 9000, దానిమీద డీఆర్ (కరువు భత్యం). ఈసీహెచ్ఎస్ కార్డుకి కూడా దారి పడింది. కాకపోతే కంటి ఆపరేషన్ అప్పటిదాకా ఆగలేదు, కొడుకులు అప్పు చేసి ముందే చేయించేశారు, అది నాకు ఇప్పటికీ బాధే. ఎరియర్స్ పడ్డాక ముందు ఆ అప్పే తీర్చారు.

ఎరియర్స్ అన్నాక ఒకటి గట్టిగా చెప్పాలి. ఇలాంటి కేసుల చుట్టూ కమీషన్ మనుషులు తిరుగుతూ ఉంటారు, వచ్చినదాంట్లో పదో పాతికో శాతం అని ముందే మాట్లాడుకుంటారు, ఖాళీ చెక్కులు తీసుకుంటారు. ఏ సంఘమూ పైసా పర్సంటేజీ తీసుకోకూడదు. పోస్టు ఖర్చులు, నోటరీ ఖర్చులు ఎంతయితే అంత, దానికీ రసీదు ఇవ్వాలి. మా దగ్గర మొదట్నుంచీ అదే పద్ధతి, ఈ కేసులో కూడా అంతే.

ఈ కేసు తర్వాత సంఘం పనే మారింది. రిజిస్టరు కొత్తగా గీయించాం. భార్య పేరు ఆర్మీ రికార్డులో ఎలా ఉంది, పీపీఓలో ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది, మూడు కాలమ్స్ పక్కపక్కన, స్పెల్లింగుతో సహా. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగా ఉందా, అది కూడా. పాత పీపీఓల్లో చాలావాటిలో భార్య పేరే ఉండదు, అలాంటివాళ్లకి మనిషి బతికుండగానే జాయింట్ నోటిఫికేషన్ (భార్య పేరు కూడా పీపీఓలో చేర్పించడం) చేయిస్తున్నాం, ఆయన సంతకం ఉంటే ఆ పని తేలిగ్గా అయిపోతుంది, ఆయన పోయాక శుభలేఖలు వెతుక్కోవాలి. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్‌కి వచ్చే ప్రతి ఒక్కరినీ "అమ్మగారిని కూడా తీసుకురండి" అంటాం. మొదట్లో ఆవిడెందుకండీ అని విసుక్కునేవారు, ఇప్పుడు వాళ్లే కలిసి వస్తున్నారు. భార్యలు కూడా సంఘంలో సభ్యులయ్యారు, కమిటీలో కూర్చుంటున్నారు, నిజం చెప్పాలంటే ఎవరింట్లో ఏ కాగితం ఉందో వాళ్లకే బాగా తెలుసు.

ఏడాదికోసారి పెద్ద మీటింగు జనవరి 14 చుట్టుపక్కల పెడతాం. కొన్నేళ్లుగా ఆ రోజుని వెటరన్స్ డేగా చేస్తున్నారు, ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన రోజు అది. మాకు భోగి, సంక్రాంతి కూడా అప్పుడే కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు, సెలవు మీదొచ్చిన సర్వింగ్ కుర్రాళ్లు అందరూ ఊళ్లోనే దొరుకుతారు. కొత్తగా పెళ్లయిన కుర్రాడు కనపడితే నేనడిగే మొదటి మాట, పార్ట్ టూ పడిందా బాబూ, పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించావా అని.

ఓఆర్ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసుకి ఒకే పెన్షన్) గురించి పెద్దగా రాయను, 2015 నవంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది, 2014 జులై 1 నుంచి లెక్క, అయిదేళ్లకోసారి సవరణ, అది పై స్థాయిలో జరిగిన పోరాటం. మా చేతుల మీద ఎక్కువ పని పడింది స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతి) వచ్చాక. బ్యాంకు దగ్గరుండే పెన్షన్లు ఆన్‌లైన్లోకి మారినప్పుడు పాత తప్పులన్నీ ఒక్కసారి పైకొచ్చాయి, పుట్టిన తేదీ లేదు, భార్య పేరు ఖాళీ, ఫోన్ నంబరు ఎవరిదో. ఇంకోటి, వ్యవసాయం చేసుకునే చేతులకి వేలిముద్రలు పడవు, కొబ్బరి పీచు పని చేసే ఆడవాళ్లకైతే అసలు పడవు. 2021 చివర్లో లైఫ్ సర్టిఫికెట్‌కి ముఖం చూపించే పద్ధతి వచ్చాక ఆ కష్టం తగ్గింది, మంచం మీదున్నవాళ్ల ఇంటికి ఫోన్ పట్టుకుని మా కుర్రాళ్లే వెళ్తున్నారు.

ఇప్పుడు రిజిస్టర్లో ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టినవి రెండు రకాలున్నాయి. ఒకటి, వికలాంగులైన కొడుకు గానీ కూతురు గానీ ఉన్న ఇళ్లు. తల్లిదండ్రుల తర్వాత ఆ బిడ్డకి జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది, కానీ మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో తల్లిదండ్రులుండగానే పేరు ఎక్కించుకుంటే ఒక దారి, వాళ్లు పోయాక అయితే ఇంకో దారి, ఆ రెండో దారిలో ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిప్పేదెవరు? అందుకని ఈ ఏడు ముందు వీళ్లవే పూర్తి చెయ్యాలని కమిటీలో రాసుకున్నాం.

రెండోది, అసలు పెన్షనే లేనివాళ్లు. తక్కువ సర్వీసుతో ఇంటికొచ్చేసిన హవల్దార్ దాకా ర్యాంకుల వాళ్లు, వాళ్ల భార్యలు, 65 దాటి ఆధారం లేకుండా ఉంటే కేంద్రీయ సైనిక్ బోర్డ్ నుంచి పెన్యూరీ గ్రాంట్ (పేదరికంలో ఉన్నవాళ్లకిచ్చే సాయం) వస్తుంది, నెలకి 4000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి 8000 చేశారు. మావైపు లంకల్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, సంఘం ఒకటుందని కూడా వాళ్లకి తెలీదు. ప్రస్తుతం మా కుర్రాళ్లు రేవు దాటి ఇంటింటికీ వెళ్లి పేర్లు రాసుకొస్తున్నారు, డిశ్చార్జి సర్టిఫికెట్ లేకపోతే మెడల్ అంచు ఫోటో తీసుకురమ్మని చెప్పి పంపుతున్నాను.